మన గేటు దాకా ఒక సైకిల్ దారి



ఉదయం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మన క్యాంపస్ గేటు దగ్గర విజిల్ పట్టుకుని నిలబడే టీచర్లలో నేనూ ఒకరిని. క్లాసులో చెప్పేది సోషల్. గేటు డ్యూటీ వంతుల ప్రకారం వస్తుంది. మీలో చాలామందికి నా పేరు తెలియకపోయినా, "సార్, ఒక్క నిమిషం, పాపని దింపేసి వెళ్లిపోతా" అని కారు అద్దం దించి అడిగిన గుర్తు ఉండే ఉంటుంది. ఆ ఒక్క నిమిషం గురించే ఈ నెల మీతో కొంచెం మాట్లాడాలని ఉంది. ఇవి నా సొంత అభిప్రాయాలు. మీకు నచ్చకపోతే పీటీఎంలో నాతో వాదించవచ్చు.

ఏడూ యాభై అయ్యేసరికి గేటు ముందు పరిస్థితి మీకు నేను వర్ణించనక్కర్లేదు. స్కూల్ బస్సు లోపలికి తిరగాలి. దాని ముందు రెండు కార్లు ఆగి ఉంటాయి. వాటి పక్కన ఆటోలు. మధ్యలో సందు దొరికితే బైకులు. అవతలి వైపు ఆపిన కారులోంచి దిగిన ఒకటో తరగతి పిల్లవాడు తన ఎత్తున్న బ్యాగు మోస్తూ వీటన్నిటి మధ్యలోంచి రావాలి. అందరికీ తొందరే. అందరూ తమ బిడ్డ క్షేమం కోసమే వచ్చారు. అంతమంది బిడ్డల క్షేమం కోసం వచ్చిన వాహనాలే అక్కడ పిల్లలకు పెద్ద ప్రమాదం.

ఒక కారు డోరు, ఒక సర్క్యులర్

రెండేళ్ల కిందట వానాకాలంలో జరిగిన విషయం పాత పేరెంట్స్‌కి గుర్తుండవచ్చు. ఏడో తరగతి అబ్బాయి సైకిల్ మీద వస్తున్నాడు. ఎడమ పక్కన నెమ్మదిగానే వస్తున్నాడు. ఆగి ఉన్న కారు వెనక డోరు ఒక్కసారిగా తెరుచుకుంది. తెరిచింది ఇంకో చిన్నపాప. బెల్లు కొట్టింది, వాళ్లమ్మ త్వరగా దిగమంది, పాప డోరు తోసింది. సైకిల్ అబ్బాయి పడ్డాడు, మోచెయ్యి విరిగింది. ఆ తల్లే కారులో కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆవిడ ఏడుపు చూసిన నేను ఆవిడను ఒక్క మాట కూడా అనలేను.

ఆ వారం స్టాఫ్ మీటింగ్ జరిగింది. సైకిళ్ల మీద వచ్చే విద్యార్థులను ఇకపై అనుమతించకూడదని నిర్ణయం. సర్క్యులర్ మీ అందరికీ వచ్చింది. ఆ మీటింగ్‌లో సరేనని చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఒకటి అర్థమవుతోంది. ఆ రోజు దెబ్బ తగిలింది సైకిల్ మీద ఉన్న పిల్లవాడికి. కారణం, రోడ్డు మధ్యలో కారు ఆపి పిల్లల్ని దింపే మన పద్ధతి. మనం సైకిల్‌ని ఆపేశాం, పద్ధతిని అలాగే ఉంచేశాం. దాంతో ఆ అబ్బాయి కూడా కారులో రావడం మొదలుపెట్టాడు. అంటే గేటు ముందు ఇంకో కారు, ఇంకో డోరు పెరిగాయి. సైకిల్ మీద వచ్చే మిగతా పిల్లలదీ అదే దారి. పదో తరగతిలో ఒకరిద్దరు మాత్రం వేరే ఉపాయం కనిపెట్టారు. స్కూటీ మీద వచ్చి, దాన్ని పక్క సందులో కిరాణా కొట్టు ముందు పెట్టి, అక్కడి నుంచి నడిచి వస్తున్నారు. వాళ్ల తల్లిదండ్రులకు తెలియకుండా జరుగుతోందని నేననుకోను.

చేతులెత్తిన పిల్లలు

ఈ మధ్య తొమ్మిదో తరగతిలో రవాణా పాఠం చెబుతూ, "మీలో ఎంతమంది ఇల్లు స్కూలుకి మూడు కిలోమీటర్ల లోపు?" అని అడిగాను. చాలా చేతులు లేచాయి. "సైకిల్ తొక్కడం ఎంతమందికి వచ్చు?" ఇంకా ఎక్కువ చేతులు. "ఇంట్లో సైకిల్ ఎంతమందికి ఉంది?" అవే చేతులు. "కిందటి వారం ఎంతమంది తొక్కారు?" అని అడిగితే క్లాసు నవ్వింది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గాలి పోయిన టైర్లతో, దుమ్ము పట్టి ఉన్న ఆ సైకిళ్లు మీకూ తెలుసు. పుట్టినరోజుకి కొన్నాం, కాంపౌండ్‌లో నాలుగు రౌండ్లు కొట్టించాం, అంతే.

రెండు కిలోమీటర్ల దూరాన్ని పదమూడేళ్ల పిల్ల తాపీగా తొక్కినా పది నిమిషాల్లో వస్తుంది. అదే దూరానికి కారు బయటికి తీసి, మెయిన్ రోడ్డు మీద యూటర్న్ కొట్టి, గేటు దగ్గర వరుసలో నిలబడి, తిరిగి ఇంటికి చేరేసరికి మీకు ఎంతసేపు పడుతోందో ఒక రోజు గడియారం చూసుకోండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

టైమూ పెట్రోలూ ఒక ఎత్తయితే, పిల్లలు పోగొట్టుకుంటున్నది ఇంకో ఎత్తు. తొమ్మిదో తరగతి పిల్లలను "మీ ఇంటి నుంచి స్కూలుకి దారి గీయండి" అంటే ఇంటి గేటు, స్కూలు గేటు గీసి మధ్యలో ఒక గీత గీస్తున్నారు. దారిలో గుడి ఎక్కడుందో, ఎత్తు ఎక్కడొస్తుందో, వానొస్తే నీళ్లు ఎక్కడ నిలుస్తాయో తెలియదు. కారు వెనక సీట్లో కూర్చుని ఫోన్ చూస్తూ వచ్చిన దారి అది. ఐఐటీ ఫౌండేషన్ క్లాసుల్లో వేగం, దూరం, కాలం లెక్కలు చకచకా చేసే పిల్లలే రోడ్డు దాటాలంటే వచ్చే బండి ఎంత వేగంగా వస్తోందో అంచనా వేయలేక అమ్మ చెయ్యి పట్టుకుంటున్నారు.

మీ భయం సరైనదే

"మాస్టారూ, చెప్పడానికి బాగానే ఉంటుంది. మా అమ్మాయిని ఆ మెయిన్ రోడ్డు మీద సైకిల్ మీద పంపమంటారా?" అని మీరు అడుగుతారు. ఇప్పుడున్న మెయిన్ రోడ్డు మీద పంపమని నేను చెప్పను. మా అమ్మాయినీ పంపను. మీ భయం సరైనదే. అయితే ఆ భయంతో మనం ఏం చేస్తున్నామన్నదే ప్రశ్న. ఇంతవరకు ఎవరికి వారం పెద్ద కారు కొనుక్కుని పిల్లను అందులో కూర్చోబెట్టుకున్నాం. అందరం కలిసి దారిని బాగు చేసుకునే ప్రయత్నం మాత్రం ఎప్పుడూ చేయలేదు.

ఆ పని చేసిన తల్లిదండ్రులు ఉన్నారు. నెదర్లాండ్స్ అనగానే మనకు సైకిళ్లు గుర్తొస్తాయి. అక్కడివాళ్లకి అది పుట్టుకతో వచ్చిందని అనుకుంటాం. నిజానికి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ దేశం కూడా కార్ల వెంటే పడింది. రోడ్లు వెడల్పు చేశారు, సైకిల్ తొక్కేవాళ్లు తగ్గిపోతూ వచ్చారు. 1971 ఒక్క ఏడాదిలోనే అక్కడ రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది చనిపోయారు. వాళ్లలో 400 మందికి పైగా పిల్లలే. రోడ్డు ప్రమాదంలో కూతురిని పోగొట్టుకున్న ఒక పాత్రికేయుడు రాసిన వ్యాసం పేరుతోనే ఒక ఉద్యమం మొదలైంది. "పిల్లల హత్యలు ఆపండి" అన్నది దాని పేరు. తల్లులు, తండ్రులు, పిల్లలు వీధుల్లో కూర్చున్నారు. 1973లో చమురు సంక్షోభం వచ్చి ఆదివారాలు కార్లు ఆపేసినప్పుడు, కార్లు లేని వీధి ఎలా ఉంటుందో జనం కళ్లారా చూశారు. ఆ తర్వాతే ప్రభుత్వం సైకిల్ దారులకు డబ్బు పెట్టడం మొదలైంది. అక్కడ ఇప్పుడు ప్రాథమిక పాఠశాల ముగిసేలోగా పిల్లలు రోడ్డు మీద సైకిల్ తొక్కి చూపించే పరీక్ష రాస్తారు. దాని వెనక ఉన్నది అమ్మానాన్నల పట్టుదల.

మన దేశంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. 2006లో బీహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ పథకాన్ని అధ్యయనం చేశారు. హైస్కూల్లో చేరిన ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగింది, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గింది. హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్లలోనే ఎక్కువ మార్పు కనిపించింది. పిల్లలు గుంపుగా సైకిళ్ల మీద వెళ్లడం ఊళ్లకు అలవాటైంది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా "బడికొస్తా" పేరుతో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. ఫీజు కట్టే మన పిల్లలకు సైకిల్ కొనివ్వడం కష్టం కాదు. లేనిది తొక్కే దారి.

ఎక్కడికీ చేర్చని దారి

"మన హైదరాబాద్‌లో సైకిల్ ట్రాక్ ఉందిగా" అని మీరు అనవచ్చు. ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సోలార్ పలకల కప్పు కింద, 23 కిలోమీటర్ల పొడవున, 2023 అక్టోబర్‌లో ప్రారంభమైంది. నానక్‌రామ్‌గూడ వైపు నుంచి ఒక లైను, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో లైను. ఎండా వానా తగలకుండా తొక్కవచ్చు, పైన కరెంటు కూడా తయారవుతుంది. నేనూ ఒక ఆదివారం మా పిల్లలతో వెళ్లాను, బాగుంది.

కానీ ఒకటి గమనించండి. ఆ ట్రాక్ మీద తొక్కడానికి మేం సైకిళ్లను కారు వెనక కట్టుకుని వెళ్లాం. అది వ్యాయామానికి బాగా పనికొస్తుంది. బడికి, ట్యూషన్‌కి, కూరగాయల మార్కెట్‌కి వెళ్లే పిల్లకు మాత్రం దాంతో పని లేదు. సైకిల్ దారులను ప్లాన్ చేసేవాళ్లు మొట్టమొదట నేర్చుకున్న పాఠం ఇదే. 1970లలో నెదర్లాండ్స్ ప్రభుత్వం టిల్‌బర్గ్‌లో, హేగ్‌లో చెరొక మంచి సైకిల్ దారి వేసి చూసింది. ఆ దారి మీద సైకిళ్లు పెరిగాయి గానీ ఊరు మొత్తంగా పెద్ద మార్పు రాలేదు. తర్వాత డెల్ఫ్ట్ పట్టణంలో చిన్న చిన్న దారులన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపి వలలాగా అల్లారు. అప్పుడు ఊళ్లో సైకిల్ ప్రయాణాలు పెరిగాయి. స్పెయిన్‌లో సెవిల్ నగరం కూడా అదే పని చేసింది. 2006 నుంచి నాలుగైదేళ్లలో వందకు పైగా కిలోమీటర్ల ట్రాకులను, కార్లు ఎక్కకుండా అడ్డు పెట్టి, ఒకదానితో ఒకటి కలిపి వేసింది. అంతకుముందు సైకిల్ దాదాపు కనిపించని నగరం అది. కొద్దికాలంలోనే సైకిల్ ప్రయాణాలు ఎన్నో రెట్లయ్యాయి.

మన దగ్గర వేసిన చాలా ట్రాకుల కథ మీకు తెలిసిందే. ఎరుపో ఆకుపచ్చో రంగు వేస్తారు. రెండు వందల మీటర్లు వెళ్లాక ట్రాన్స్‌ఫార్మర్ అడ్డం వస్తుంది. ఆ తర్వాత కొబ్బరిబొండాల బండి, ఆపైన పార్కింగ్. వాళ్లనని లాభం లేదు. ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తారో అడగకుండా వేసిన దారిలో సైకిళ్లు కనిపించవు. ఖాళీగా ఉన్న చోటును మిగతావాళ్లు వాడుకుంటారు.

దారిని ఎలా చూడాలి

సైకిల్ దారి బాగుందా లేదా అని తేల్చడానికి డచ్ ఇంజనీర్లు అయిదు ప్రశ్నలు అడుగుతారు. దారి మధ్యలో తెగిపోకుండా ఇంటి నుంచి గమ్యం దాకా ఉందా? అనవసరంగా చుట్టు తిప్పకుండా నేరుగా తీసుకెళ్తోందా? భద్రంగా ఉందా? గుంతలు, ఎత్తుపల్లాలు లేకుండా హాయిగా తొక్కవచ్చా? చెట్లు, వెలుతురు, నలుగురు మనుషులు ఉండి వెళ్లాలనిపించేలా ఉందా? మనకు కూడా ఇవే ప్రశ్నలు సరిపోతాయి.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సైకిల్ ట్రాకులపై 1962లోనే ప్రమాణాలు రాసింది, 2015లో వాటిని సవరించింది. రోడ్లు వాహనాల కోసం కన్నా మనుషుల కోసం అని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. కాబట్టి పుస్తకాల్లో మనకు లోటు లేదు. మన రెండు కిలోమీటర్లకు వాటిని ఎవరూ తీసి చూడలేదు, అంతే.

ప్రతి సైకిల్ దారికీ విడిగా ట్రాక్ అక్కర్లేదన్నది రెండో పాఠం. వాహనాలు వేగంగా వెళ్లే పెద్ద రోడ్డు మీద విడి ట్రాక్ తప్పనిసరి. గీత గీస్తే చాలదు, కట్ట ఉండాలి. వాహనాలు తక్కువగా, నెమ్మదిగా వెళ్లే కాలనీ రోడ్డు మీద మాత్రం వేగం అదుపులో ఉంటే అందరూ కలిసి వెళ్లవచ్చు. నడిచేవాళ్లు, సైకిళ్లు, వాహనాలు కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్ల వేగం మించకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ రోడ్డు భద్రత సదస్సు తీర్మానించింది. వేగం 30 దాటి 50కి వెళ్తే, బండి తగిలిన మనిషి బతికే అవకాశం బాగా పడిపోతుంది. అందుకే మన పిల్లల దారి మెయిన్ రోడ్డు వెంట ఉండనక్కర్లేదు. వెనక కాలనీల మీదుగా ఉంటే చాలు.

ఒక శనివారం సాయంత్రం నేను, మా పీఈటీ సార్, ఇద్దరు పేరెంట్స్ కలిసి అలాంటి దారి ఉందేమోనని నడిచి చూశాం. వాటర్ ట్యాంక్ వెనక కాలనీ నుంచి పార్కు పక్కగా, మన క్యాంపస్ వెనక గేటు దాకా. ముప్పావు వంతు దారి ఇవాళే సైకిల్‌కి పనికొస్తుంది. చెట్లున్నాయి, ట్రాఫిక్ లేదు. చిక్కులన్నీ నాలుగు చోట్లే.

మొదటిది, పెద్ద రోడ్డు దాటే చోటు. ఇక్కడ జీబ్రా గీతలు చెరిగిపోయాయి, ముందు స్పీడ్ బ్రేకర్ లేదు. పిల్లలు ఇక్కడ సైకిల్ దిగి, నడిపించుకుంటూ దాటాలి. పొద్దునా సాయంత్రం అరగంట చొప్పున ఒక హోంగార్డు గానీ, మన సెక్యూరిటీ మనిషి గానీ ఉండాలి. రెండోది, మ్యాన్‌హోల్ పక్కన ఉన్న ఇనుప జాలీ. దాని ఊచలు రోడ్డు పొడవునా ఉన్నాయి, సన్నటి సైకిల్ టైరు నేరుగా అందులో దిగిపోతుంది. జాలీని అడ్డంగా తిప్పి బిగిస్తే చాలు, దానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. మూడోది, మలుపు దగ్గర గోడకు ఆనుకుని ఆపే వ్యాన్లు. వాటివల్ల ఎదురుగా వచ్చే బండి కనిపించదు. పైగా యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు ఇక్కడే ఎక్కువ. ఆ వ్యాన్ల వాళ్లతో కాలనీ అసోసియేషన్ మాట్లాడితే సరిపోతుంది. నాలుగోది మన వెనక గేటు. అది తాళం వేసి ఉంది. తాళం చెవి మన దగ్గరే ఉంది.

చూశారా, నాలుగింటిలో ఒక్కటి మాత్రమే పూర్తిగా మునిసిపాలిటీ, ట్రాఫిక్ పోలీసుల చేతిలో ఉంది. దానికి కూడా మూడొందల మంది తల్లిదండ్రులు సంతకాలు పెట్టిన అర్జీ తీసుకెళ్తే, ఒక్క టీచరు వెళ్లి అడిగినట్టు ఉండదు.

గేటు దగ్గర అరగంట

ఇక మెయిన్ గేటు సంగతి. కార్లలో రావాల్సిన పిల్లలు ఎప్పుడూ ఉంటారు. దూరం నుంచి వచ్చేవాళ్లు, చిన్న తరగతులవాళ్లు, ఒంట్లో బాగాలేనివాళ్లు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు. వాళ్లకు గేటు దాకా కారు రావాలి. మిగతా కార్లు గేటుకు రెండు వందల మీటర్ల దూరంలో, ఫంక్షన్ హాల్ ముందున్న ఖాళీ స్థలంలో ఆగి, పిల్లల్ని ఫుట్‌పాత్ వైపు డోరులోంచి దింపితే చాలు. అక్కడి నుంచి నడక మూడు నిమిషాలు. దిగేముందు దూరపు చేత్తో డోరు తీయడం పిల్లలకు నేర్పండి. ఎడమ వైపు కూర్చున్నవాళ్లు కుడి చేత్తో తీస్తే ఒళ్లు తిరుగుతుంది, చూపు దానంతటదే వెనక్కి వెళ్తుంది. ఆ రోజు ఆ చిన్నపాపకు మనలో ఎవరైనా ఇది నేర్పి ఉంటే ఆ అబ్బాయి చెయ్యి విరిగేది కాదు.

స్కూలు మొదలయ్యే, వదిలే సమయంలో అరగంట పాటు గేటు ముందు వీధిలో వాహనాలు ఆపేయడం ఇప్పుడు లండన్ లాంటి నగరాల్లో మామూలు విషయమైంది. మన దగ్గర కుదరదంటారా? విశాఖలో ఆర్కే బీచ్ రోడ్డును తెల్లవారుజామున నడిచేవాళ్ల కోసం వాహనాలకు మూసేస్తారు. 2021లో హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్‌ను ఆదివారం సాయంత్రాలు "సండే ఫన్‌డే" పేరుతో జనానికి వదిలేస్తే ఎంతమంది వచ్చారో మీరే చూశారు. పెద్దల వాకింగ్‌కి, సరదాకి రోడ్డు మూసినప్పుడు, పిల్లల చదువుకి అరగంట మూయడం గొంతెమ్మ కోరిక కాదు.

లోపల సైకిళ్లకు చోటు కూడా కావాలి. ఒక కారు పార్క్ చేసే చోట పది సైకిళ్లు పడతాయి. తిరగేసిన "యు" ఆకారంలో ఇనుప గొట్టాలు పాతితే ఒక్కో దానికి రెండు సైకిళ్లు తాళం వేసుకోవచ్చు. ముందు చక్రం మాత్రమే పట్టుకునే పాత రకం స్టాండుల్లో సైకిల్ పక్కకు పడితే రిమ్ము వంగుతుంది, అవి వద్దు. పైన రేకు, సీసీ కెమెరా కంటికి కనిపించే చోటు, ఒక గాలి పంపు, మంచినీళ్ల కుళాయి దగ్గరగా. చాలు. పుస్తకాల బరువు సంగతి కూడా ఉంది. ఏడెనిమిది కిలోల బ్యాగు వీపున వేసుకుంటే సైకిల్ ఊగిపోతుంది. వెనక క్యారియర్‌కి కట్టాలి, లేదా క్లాసులో లాకర్లు ఇచ్చి బరువు తగ్గించాలి. ఇది యాజమాన్యానికి నా విన్నపం.

ఎవరు, ఎప్పుడు

నాలుగో తరగతి పిల్లలను ఒంటరిగా పంపమని చెప్పను. చిన్నపిల్లలకు వచ్చే బండి వేగం, దూరం అంచనా వేయడం ఇంకా రాదు. నా ప్రతిపాదన ఎనిమిదో తరగతి నుంచి మొదలుపెట్టమని, అది కూడా గుంపుగా. పార్కు దగ్గర ఏడున్నరకు అందరూ కలుస్తారు. ముందొక పెద్దమనిషి, వెనకొక పెద్దమనిషి సైకిళ్ల మీద ఉంటారు. దారిలో ఇళ్ల దగ్గర మిగతా పిల్లలు కలుస్తూ వస్తారు. బార్సిలోనాలో తల్లిదండ్రులు ఇలాంటి గుంపుకి "సైకిల్ బస్సు" అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. మన పీఈటీ సార్ ముందు నడిపిస్తానన్నారు. వెనక ఉండటానికి పేరెంట్స్ కావాలి. వారానికి ఒక్క రోజు మీ వంతు.

బయల్దేరే ముందు నాలుగు విషయాలు. రెండు బ్రేకులూ పడాలి. సీటు మీద కూర్చుంటే మునివేళ్లు నేలకు తగలాలి. హెల్మెట్ ఉండాలి, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలి. ఆడపిల్లలకు చైన్ కవర్ ఉన్న సైకిలే కొనండి, చున్నీ చక్రంలో పడకుండా ముడి వేసుకోమని చెప్పండి. ఆగి ఉన్న కారుకు బారెడు దూరంలో వెళ్లాలి. మలుపు తిరిగే బస్సుకు ఎడమ పక్కన ఎప్పుడూ దూరకూడదు, డ్రైవర్‌కి అక్కడ ఏమీ కనబడదు. మన స్కూల్ బస్సు డ్రైవర్లకు కూడా ఇదే చెప్పాలి.

స్కూటీ కొనిచ్చిన తల్లిదండ్రులతో ఒక మాట. పద్దెనిమిదేళ్లు నిండకుండా ఆ బండికి లైసెన్స్ రాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ ప్రకారం, మైనర్ బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవాడికి పాతికేళ్ల దాకా లైసెన్స్ రాదు. సైకిల్ ప్రమాదమని సైకిల్‌ని గేటు బయట ఆపి, పక్క సందులో స్కూటీని చూసీ చూడనట్టు ఊరుకోవడం నాకు సబబుగా అనిపించడం లేదు.

చివరగా మీరు పైకి అనని మాట ఒకటి నేనే అంటాను. "ఇంత ఫీజు కట్టి చదివిస్తూ పిల్లను సైకిల్ మీద పంపితే నలుగురూ ఏమనుకుంటారు?" మా నాన్నగారు రోజూ ఇరవై కిలోమీటర్లు సైకిల్ తొక్కి ఉద్యోగం చేశారు. నేను స్కూటర్ కొనుక్కున్న రోజు ఆయన కళ్లలో సంతోషం నాకింకా గుర్తుంది. సైకిల్ నుంచి పైకి రావడానికి మన ఇళ్లలో ఒక తరం కష్టపడింది. అందుకే ఆ మొహమాటం నాకు అర్థమవుతుంది. కానీ ఇప్పుడు అర లక్ష పెట్టి సైకిల్ కొని ఆదివారం పొద్దున క్లబ్బు వాళ్లతో కలిసి తొక్కితే గొప్పగానే చూస్తున్నాం కదా. సోమవారం పొద్దున మన అమ్మాయి అదే పని చేస్తే చిన్నతనం ఎందుకవ్వాలి?

నేను అడిగేవి మూడే. ఒకటి, ఈ న్యూస్‌లెటర్‌తో పాటు వచ్చిన కాగితం మీద మీ ఇంటి నుంచి స్కూలుకి మీ బిడ్డ చేత దారి గీయించండి. భయం వేసే చోట ఎర్ర చుక్క పెట్టించండి. ఆ కాగితాలన్నీ కలిపితే మన దారి మనకే కనబడుతుంది. రెండు, కుదిరినవాళ్లు రేపటి నుంచే కారు ఫంక్షన్ హాల్ దగ్గర ఆపండి. మూడు, వచ్చే పీటీఎంలో వెనక గేటు తాళం తీయమని, ఎనిమిదో తరగతి పైవాళ్లకు ఒక టర్మ్ పాటు ఒకే ఒక్క దారిలో సైకిళ్లను అనుమతించి చూడమని యాజమాన్యాన్ని నాతో పాటు అడగండి. టర్మ్ అయ్యాక మంచీ చెడూ చూసి అందరం కలిసి నిర్ణయించుకుందాం. పొరపాటని తేలితే ఆ మాట ఇదే పేజీలో రాస్తాను.

మోచెయ్యి విరిగిన ఆ అబ్బాయి ఇప్పుడు తొమ్మిదో తరగతిలో నా క్లాసులోనే ఉన్నాడు. సైకిల్ ఎంతమందికి ఉందని నేను అడిగినప్పుడు ఆ చెయ్యే పైకెత్తాడు. క్లాసయ్యాక నా దగ్గరికి వచ్చి, "సార్, ఈసారి వెనక గేటు నుంచి వస్తే పంపిస్తారా?" అని అడిగాడు. వాళ్లమ్మగారిని అడుగుతానన్నాను. ఆవిడను అడిగే ముందు మిమ్మల్నందరినీ అడుగుతున్నాను.

పీటీఎంలో కలుద్దాం. ఆ రోజు నేను గేటు దగ్గరే ఉంటాను.

మీ పిల్లల సోషల్ టీచర్